ఇంటిల్లిపాదీ కాపాడుకోవలసిన నిద్ర

పగలంతా ఎంత అలసినా రాత్రి కంటిమీద కునుకు పడని కాలాలు సంవత్సరంలో కొన్ని ఉంటాయి. ఆదిలాబాద్ ప్రాంతపు పత్తి రైతుకు అది తొలకరి కాలం. విత్తిన గింజ మొలకెత్తే వరకు, తెచ్చిన అప్పుకు దారి కనిపించే వరకు ఆ ఇంట నిద్ర ఉండదు. కరీంనగర్‌లో ఇంటర్ చదివే పిల్లలున్న ఇంటికి అది పరీక్షల కాలం. 2025లో మార్చి 2న రమజాన్ ఉపవాసాలు ప్రారంభం కాగా, 5వ తేదీ నుండి 25 వరకు ఇంటర్ పరీక్షలు జరిగాయి. ఆరాధన, చదువు రెండూ ఒకే రాత్రిలో ఇమడవలసి వచ్చింది.

అటువంటి ఇంటి రాత్రిని ఒకసారి లెక్కించి చూద్దాం. తరావీహ్ నమాజ్ ముగించి ఇల్లు చేరేసరికి పది అవుతుంది. పుస్తకం మూసేసరికి పన్నెండు దాటుతుంది. నాలుగున్నరకు సహరీ, తొమ్మిదికి పరీక్ష. మిగిలిన నిద్ర నాలుగు గంటలే. యుక్తవయసు పిల్లలకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. చదివినది జ్ఞాపకంలో స్థిరపడటానికి నిద్ర ఎంతో అవసరం. నిద్ర మాని చదివే చదువు చిల్లికుండలో పోసిన నీటి వంటిది.

అందరికన్నా తక్కువ నిద్రపోయేది మాత్రం ఇంటి తల్లి. వంట కోసం ఆమె అందరికంటే ముందు లేస్తుంది. భర్త సౌదీలో ఉంటే మరో చిక్కు. అక్కడ రాత్రి పది గంటలకు ఆయన ఫోన్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. ఆ మాటలలో ఫీజుల బెంగ, అప్పుల బెంగ కలిస్తే తెల్లవారే దాకా ఆలోచనలే.

ఆందోళన కలిగినపుడు శరీరం ఆపదను ఎదుర్కోవడానికి సిద్ధమైనట్లు మేల్కొని ఉంటుంది. నిద్ర రావడం లేదన్న దిగులు దానిని మరింత పెంచుతుంది. కనుక నిద్రపట్టని వారిని విశ్వాసం తక్కువైనవారని నిందించడం తగదు.

దివ్య ఖుర్ఆన్ నబా సూరాలో నిద్రను విశ్రాంతి సాధనంగా, అల్లాహ్ అనుగ్రహంగా పేర్కొన్నది. ఇషా తరువాత కాలక్షేపపు మాటలను దైవప్రవక్త (సఅసం) ఇష్టపడేవారు కాదు. రాత్రంతా ఆరాధనలో గడిపే సహచరునికి, నీ శరీరానికి కూడా నీపై హక్కు ఉన్నదని ఆయన బోధించారు. తిరగలి విసిరి చేతులు నొచ్చిన హజ్రత్ ఫాతిమా (రజి) పనిమనిషిని కోరినపుడు, పడుకునే ముందు 33 సార్లు సుబ్‌హానల్లాహ్, 33 సార్లు అల్‌హమ్దులిల్లాహ్, 34 సార్లు అల్లాహు అక్బర్ పఠించమన్నారు. అదే ప్రవక్త తమ ఇంటిపనిలో స్వయంగా చేయి కలిపేవారు. ఈ రెండింటినీ కలిపి గ్రహించాలి. స్మరణ మనసుకు ఊరటనిస్తుంది, పని పంచుకోవడం శరీరానికి విశ్రాంతినిస్తుంది.

కనుక కొన్ని ఏర్పాట్లు చేసుకుందాం. సహరీకి కావలసినది సాయంత్రమే సిద్ధం చేసి, గిన్నెలు కడగడం పిల్లలకు, మగవారికి అప్పగిద్దాం. తరావీహ్ తరువాత చాయ్ మానుదాం. అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. కఠినమైన పాఠాలను ఫజ్ర్ తరువాత చదివించి, మధ్యాహ్నం అరగంట ఖైలూలాకు వీలు కల్పిద్దాం. గల్ఫ్‌లోని వారితో అప్పుల మాటలు సెలవురోజు పగటిపూట మాట్లాడుకుందాం. రేపటి పనులను, బాకీలను కాగితంపై వ్రాసి పెడితే, వాటిని మరచిపోతామన్న భయం తగ్గి మనసు కుదుటపడుతుంది.

ఇన్ని చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, జీవితంపై విరక్తి కలిగితే ఆలస్యం చేయరాదు. మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు వేసుకోకుండా వైద్యుని కలవాలి. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, రాత్రింబవళ్లు అందుబాటులో ఉన్నది. చికిత్స చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

హిజ్రీ సంవత్సరం ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక రమజాన్ త్వరలోనే పరీక్షల నెలను దాటిపోతుంది. కాని తొలకరి, ఫీజుల గడువు, దూరదేశపు ఫోన్ ఏటా ఉండేవే. ఈ రాత్రి మన ఇంట చివరగా పడుకునేదెవరో, ముందుగా లేచేదెవరో ఒకసారి గమనిద్దాం. ఆ ఇద్దరూ ఒకరే అయితే, రేపు వారి పనిలో ఒకటి మనం అందుకుందాం.