గాలిమర: లేని భయాలు, ఉన్న భయం

గాలిమరలు మబ్బుల్ని తరిమేస్తాయన్న మాట అనంతపురం వైపు రైతుల నోట ఎప్పటినుంచో ఉంది. మహారాష్ట్రలోని సాంగ్లీ, సతారా వైపూ ఇదే గొడవ నడిచింది. వానను నమ్ముకుని పత్తీ మిరపా వేసే జగ్గయ్యపేట, నందిగామ మెట్ట రైతు చెవిన ఆ మాట పడితే, పక్కింటి డాబా మీది చిన్న మరను కూడా అనుమానంగానే చూస్తాడు. ఫ్యానును చూసిన కళ్లతో మరను చూడటం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఫ్యాను కరెంటు తిని గాలిని తోస్తుంది. మర గాలి తోస్తే తిరిగి కరెంటు ఇస్తుంది. పైగా వానమబ్బు నేలకు వందల మీటర్ల పైన ఉంటుంది, ఇంటి మర పది ఇరవై మీటర్ల స్తంభం దాటదు. మరి మరలున్నచోటే కరువెందుకంటారా? అనంతపురం పడమటి కనుమల వానచాటున ఉన్న జిల్లా. అక్కడి రామగిరి కొండల మీద మరలు లేచింది 1990లలో. కరువు అంతకు ఎన్నో తరాల ముందుది.

పక్షుల సంగతి అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. పెద్ద మరల రెక్కలు తగిలి పక్షులు, గబ్బిలాలు చనిపోతున్న మాట నిజం. అయితే 2013లో వెలువడిన అంచనాల ప్రకారం అమెరికాలో పిల్లులు ఏటా చంపే పక్షులు కనీసం 130 కోట్లు. గాలిమరల వల్ల పోయేవి రెండు మూడు లక్షలు. చప్పుడే రాదని చిన్న మరలు అమ్మేవారు చెప్పే మాట మాత్రం నమ్మనక్కర్లేదు. పెద్ద మర మెల్లగా తిరుగుతుంది, చిన్నది గిర్రున తిరుగుతూ కూత పెడుతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. హైవే పక్కన లారీల హోరులో కలిసిపోయే ఆ కూత, సద్దుమణిగిన పల్లెలో పక్కింటివారి నిద్ర చెడగొట్టగలదు.

అసలు భయపడాల్సింది స్తంభం గురించి. కట్టడాల మీద గాలి తాకిడిని లెక్కగట్టే ఐఎస్ 875 ప్రమాణం విజయవాడకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44 మీటర్ల గాలిని ప్రాతిపదికగా తీసుకోమంటుంది. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి వేగం రెట్టింపైతే తాకిడి నాలుగింతలవుతుంది. ఏడాదంతా చిరుగాలికి తిరుగుతున్న మర ఒక్క తుఫానుకో, వేసవి సాయంత్రపు ఈదురుగాలికో రెక్క విరిగి ఎగిరిపోవచ్చు. మితిమీరిన గాలిలో మర ముఖాన్ని పక్కకు తిప్పే తోక, ఆపడానికి బ్రేకు, గట్టి స్టే వైర్లు, పిడుగుకు ఎర్తింగ్ ఉండాలి. కూలినా ఇల్లూ దారీ కరెంటు తీగలూ తగలనంత ఖాళీ జాగా చుట్టూ కావాలి. డాబా మీద బిగించేవారికి అంత ఖాళీ జాగా కుదరదు. అదురు గోడలకు పాకుతుంది, గాలి కూడా సుడి తిరిగి సరిగా అందదు. 500 అడుగుల లోపలున్న చెట్టూ మేడా అన్నిటికన్నా 30 అడుగుల ఎత్తున రెక్కలు ఉండాలన్నది ఈ రంగంలో పాత లెక్క.

ఇంత చేసి వచ్చేదెంత? గాలి వేగం సగమైతే అందులోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండు మీటర్ల వ్యాసమున్న మర సెకనుకు 4 మీటర్ల గాలిలో 30 వాట్లిస్తే గొప్పే: ఒక బీఎల్‌డీసీ ఫ్యానుకు సరి. ఆంధ్రప్రదేశ్‌లో గాలి వెతుక్కున్న పెద్ద కంపెనీలు దాదాపు అన్నీ రాయలసీమకే వెళ్లాయి. బోడికొండ మీద, కరెంటు లైను చేరనిచోట, సోలార్‌కు తోడుగా చిన్న మర పనికిరావచ్చు, అదీ అక్కడి గాలిని ముందు కొలిచి చూశాకే. మిగతావారికి పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల రాయితీ ఉంది. మర అమ్మవచ్చిన మనిషికి బయానా ఇచ్చేముందు, మీ పొలంలో ఆ ఎత్తున ఏడాదిపాటు కొలిచిన గాలి లెక్క చూపించమని అడగండి.