రెక్కల చీమలు

తొలకరి వాన వెలిసిన సాయంకాలమున దీపముల చుట్టును రెక్కల పురుగులు ముసురుట మనమందఱము చూచినదే. వానిలో ననేకములు ఉసిళ్లు. అవి చెదపురుగుల జాతివి. సన్నని నడుము గలిగి, ముందు రెక్కలు వెనుక రెక్కలకంటె పొడవుగా నున్నవే చీమలు. రెక్కలు మొలిచిన చీమకు చావు సమీపించినదని పెద్దలందురు. ఈ మాట యెంతవఱకు సత్యమో విచారింతము.

పుట్టలో నిత్యము పనిచేయు చీమలన్నియు రెక్కలు లేని ఆడుచీమలే. తగిన ఋతువున మాత్రము రెక్కలు గల రాణులును మగచీమలును బయలువెడలును. ఇవి యెగురవలసిన తరుణ మెఱుగు టెట్లు? వేడిమియు గాలిలోని తేమయు కొంత తెలుపును. తక్కినది వాసన తెలుపును. చీమ దేహమందలి గ్రంథులనుండి స్రవించు రసములే దాని పలుకులు. మీసములే దాని ముక్కు. ఇట్టి రసములకు 1959వ సంవత్సరమున కార్ల్‌సన్, ల్యూషర్ అను శాస్త్రజ్ఞులు ఫెరోమోనులని పేరిడిరి. ఐరోపా అడవులలో మ్రాకులను తొలిచి గూడు కట్టు పెద్ద చీమలలో మగవి ముందుగా లేచి, తమ దవడల గ్రంథులనుండి రసమును విడుచును. ఆ వాసన సోకగానే రాణులును ఎగురును. మఱికొన్ని జాతులలో ఆడుదియే వాసనచే మగదానిని పిలుచును.

సంగమానంతరము మగచీమ కొలదిదినములలో చనిపోవును. రాణియో తన రెక్కలను తానే రాల్చుకొని, మంటిలో చిన్న గది త్రవ్వి గ్రుడ్లు పెట్టును. అనేక జాతులలో నది ఆహారము లేకయే, నిరుపయోగమైన రెక్కల కండరములు కరగగా వచ్చిన సారముతో తొలి పిల్లలను పోషించును. మగదాని బీజమును తన కడుపులోని చిన్న సంచియందు జీవితాంతము దాచుకొనును. నల్ల తోటచీమ రాణి యొకటి పెంపకములో 28 సంవత్సరములు బ్రదికెను.

జెర్డాన్ 1851లో వర్ణించిన మన దక్షిణదేశపు గంతులువేయు చీమల చరిత్ర మఱింత వింతయైనది. రాణి చనిపోయి దాని వాసన తొలగిన పిమ్మట పనికత్తెలు మీసములతో కొన్ని వారములు పోటీపడును. గెలిచినవి గ్రుడ్లు పెట్టి రాణి స్థానము వహించును.

సోమరులకు చీమను గురువుగా చూపిన సొలొమోను, దానిపై అధికారి లేడనుటయు గమనించెను. రాణి సయితము ఆజ్ఞాపించునది కాదు. వాసనయే వాని నన్నిటిని నడపుచున్నది. కావున పెద్దల మాట మగచీమ యెడల నిజమే. రాణికి మాత్రము రెక్కలు క్రొత్త సంసారమునకు ద్వారము. చనిపోయిన మగచీమయు ఆమె దాచిన బీజము ద్వారా ఏండ్లతరబడి సంతానము పొందుచునే యుండును.