బండి బరువెక్కె.. మజా కరువాయె

* టన్నున్నర నుంచి రెండున్నర టన్నులకు చేరిన స్పోర్ట్స్ కార్లు
* రోడ్డుపై పట్టు చేతికి తెలియడం లేదంటున్న డ్రైవింగ్ ప్రియులు

భివండీ: పద్మనగర్‌లో సాంచాలు నడిపే కార్మికుడికి మగ్గం సంగతి చెవితోనే తెలుస్తుంది. నాడె చప్పుడులో కాస్త తేడా వచ్చినా చెయ్యి హ్యాండిల్ మీదికి పోతుంది. కారు తోలడంలో మజా ఉందనేవాళ్లు కోరుకునేదీ ఇదే. రోడ్డు తీరు స్టీరింగ్ ద్వారా చేతికి, ఇంజిన్ తీరు చెవికి తెలియాలి. కోట్లు పోసి కొంటున్న స్పోర్ట్స్ కార్లలో ఇప్పుడు అదే లేకుండా పోతోందన్నది వారి బాధ.

ఈ ముచ్చట భివండీకి దూరమైనదేం కాదు. నాగ్‌పూర్ నుంచి 701 కిలోమీటర్లు సాగే సమృద్ధి మహామార్గ్ ముంబై వైపు ముగిసేది భివండీ తాలూకాలోని ఆమనె దగ్గరే. ఇగత్‌పురి-ఆమనె మధ్య చివరి 76 కిలోమీటర్లను 2025 జూన్ 5న తెరిచారు. నాశిక్ రోడ్డుపై లారీల వెనక పాకిన పెద్ద కార్లకు, మైదానంలో గంటకు 120 కిలోమీటర్ల వరకు పోనిచ్చే దారి దొరికింది.

పేరులో తేలిక.. ఒంట్లో బరువు

మెర్సిడెస్ కార్ల పేరులోని 'ఎస్ఎల్' అంటే జర్మన్ భాషలో అతి తేలిక అని అర్థం. 1954లో వచ్చిన 300 ఎస్ఎల్ సుమారు 1,300 కిలోలు. 2021లో వచ్చిన ఎస్ఎల్ 63 దాదాపు 1,970 కిలోలు. బీఎండబ్ల్యూ ఎం5దీ అదే కథ. 1980ల నడుమ వచ్చిన మొదటి ఎం5 బరువు 1,430 కిలోలు, శక్తి 286 హార్స్‌పవర్. 2024లో వచ్చిన హైబ్రిడ్ ఎం5 2,435 కిలోలు, 727 హార్స్‌పవర్. తేలికదనానికే పేరుపడ్డ లోటస్ కంపెనీ 1996లో 725 కిలోల ఎలీజ్‌ను తెచ్చింది. అదే కంపెనీ 2022లో చూపించిన ఎలక్ట్రిక్ కారు ఎలెట్రా దాదాపు రెండున్నర టన్నులు. ఒక్క ఎలెట్రా బరువులో మూడు ఎలీజ్‌లు వచ్చేస్తాయి!

ఎందుకిలా?

తప్పంతా కంపెనీలదే అనలేం. ప్రమాదంలో ప్రాణం కాపాడాలంటే గట్టి చట్రం, ఎయిర్‌బ్యాగులు కావాలి. పొగ నిబంధనలు దాటాలంటే బ్యాటరీ, మోటారు తగిలించాలి. వీటికి తోడు కొనేవారి కోరికలు.. చప్పుడు రాకుండా పొరలు, కరెంటు సీట్లు, పెద్ద చక్రాలు. బరువు పెరిగితే దాన్ని ఆపడానికి పెద్ద బ్రేకులు, వెడల్పు టైర్లు. వాటితో మళ్లీ బరువు! ఎలక్ట్రిక్ స్టీరింగ్, ఆటోమేటిక్ గేర్లు వచ్చాక చేతికి, కాలికి పని తగ్గింది. ట్రాఫిక్‌లో రోజూ తిరిగే యజమానికి ఈ మెత్తదనమే కావాలి. పొద్దున్నే ఖాళీ ఘాట్ రోడ్డుకు పరుగెత్తే నలుగురి కోసం కంపెనీ బండి చెయ్యదు కదా.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒకే వేగంలో పాత ఎం5 కంటే కొత్త ఎం5లో దూసుకుపోయే శక్తి 70 శాతం ఎక్కువ. గుద్దితే దెబ్బా అంతే. లోపల చప్పుడు, కుదుపు లేకపోవడంతో 120లో పోతున్నా 80లో ఉన్నట్టే అనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ సాయం ఎంత ఉన్నా వేగం తెలియని చేతుల్లో రెండున్నర టన్నుల బండి ఉంటే ఎదుటి వాడికీ ముప్పే.

మొరపెట్టుకుంటే..

అడిగితే వినని రోజులేం కావు. పోర్షే కంపెనీ 2013లో 911 జీటీ3 నుంచి చేతి గేరు తీసేసింది. అభిమానులు గోల చేశారు. 2017లో మళ్లీ పెట్టింది. గోర్డన్ ముర్రే రూపొందించిన టీ.50 కారు టన్ను లోపే ఉంటుంది. కానీ చేసినవి 100 మాత్రమే, ధర 20 లక్షల పౌండ్ల పైమాటే. వెనకట తేలిక బండి అంటే చౌక బండి. ఇప్పుడు తేలికే ఖరీదైంది.

మన దేశంలో మారుతి స్విఫ్ట్ ఎదురు దారి పట్టింది. 2005లో వెయ్యి కిలోలు దాటిన పెట్రోల్ స్విఫ్ట్, 2018 మోడల్‌లో 900 కిలోల లోపుకి దిగింది. మైలేజీ పెరిగింది, బండి చురుకైంది. అయితే అదే ఏడాది గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దానికి అయిదుకు రెండు నక్షత్రాలే దక్కాయి. ప్రాణానికి భరోసా ఇస్తూనే బరువు తగ్గించే బండి కావాలి. సరదాకు తోలేవాడైనా, పొట్టకూటికి తోలేవాడైనా కంపెనీలను అడగాల్సింది దీన్నే.