ఆయిలు ఫిల్టరు విప్పు పానాలు

మా నస్పూరులో శ్రీరాంపూరు గనుల షిఫ్టులతో పాటు బండ్లును లేచును, బండ్లును పండుకొనును. కారును కిరాయికి త్రిప్పి కుటుంబమును పోషించుకొనువారు మా వీధిలోనే కొందఱు గలరు. అట్టి కారు ఒక దినము నిలిచినచో ఆ యింటి వంటయింటి లెక్క తాఱుమాఱగును. కనుక ఇది పురుషుల మాట యని సోదరీమణులు పుట త్రిప్పివేయకుందురు గాక.

ఇంజనులోని లోహములు రాచుకొనగా పుట్టు రజనును, మసిని పట్టుకొనుటకై నూనె దారిలో నమర్చిన కాగితపు మడతల డబ్బాయే ఆయిలు ఫిల్టరు. 1923లో అమెరికాలో స్వీట్లండు, గ్రీన్‌హాల్ష్ అనువారు ఇట్టి సాధనమునకు ప్యూరొలేటరు అని పేరిడిరి. మా ప్రాంతపు బొగ్గుధూళి దీనిని నింపివేయునని కొందఱందురు. అది సరి కాదు. ఆ ధూళిని మొదట నడ్డునది గాలి ఫిల్టరు. అది చిరిగి యున్నప్పుడే నూనెకు విశేషముగా కీడు.

ఫిల్టరు మూతికి రబ్బరు వాషరుండును. ఎక్కువగా బిగించినచో అది వేడికి గట్టిపడి అంటుకొనిపోవును. నిరుడు మా పొరుగింటి కారునకు ఒక పనివాడు ఫిల్టరును పానాతో బలముకొలది బిగించి పంపెను. మార్చువేళకు అది కదలదాయెను. మఱియొకడు దానికి స్క్రూడ్రైవరు గ్రుచ్చి త్రిప్పబోగా రేకు చినిగి, అడుగు పళ్లెము మాత్రము ఇంజనునకు మిగిలెను. రెండు దినముల కిరాయి పోయినది. ఆ యిల్లాలు పాలవానికి బాకీ చెప్పవలసివచ్చినది.

తగిన పానా యున్నచో ఇంత రాదు. మా యభిప్రాయమున ఒకే కారు గల యింటికి కప్పు పానా మేలు. ఇది ఫిల్టరు కొనకు టోపీవలె తొడుగబడి అన్ని పలకలను సమముగా పట్టును, రేకును నొక్కదు. అయితే కొలత సరిపోవలయును. పలకలను లెక్కించి, అడ్డుకొలత మిల్లీమీటర్లలో చూడవలెను. ఒకదానికి 65 మి.మీ., 14 పలకలు కావచ్చును, వేఱొకదానికి వేఱు. పాత ఫిల్టరునే అంగడికి కొనిపోయి తొడిగి చూచుట ఉత్తమము. వదులుగా నున్న కప్పు జాఱి పలకలను అరుగగొట్టును.

బెల్టు పానా అన్ని కొలతలకు సరిపోవును గాని నూనె తగిలిన డబ్బాపై జాఱును. తుడిచి, ఇంజను వైపు చివర పట్టింపవలెను. అచ్చట డబ్బా గట్టిది. మూడు కాళ్ల పానా త్రిప్పినకొలది బిగియును. రెండు మూడు రకముల బండ్లున్న యింటికి అనుకూలము. చెయిను పానా లారీల పెద్ద ఫిల్టర్లకే తగును. మోటారుసైకిళ్లు కొన్నిటిలో కాగితపు ఫిల్టరు చిన్న బోల్టుల మూత వెనుక నుండును. దానికి ఇవి యేవియు నక్కఱలేదు.

విప్పునప్పుడు ఇంజను గోరువెచ్చగా నుండవలెను, కాలునంత వేడి కూడదు. జాకీ మాత్రమే యాధారముగా లేపిన బండి క్రింద ఎవ్వరును దూరరాదు. స్టాండు పెట్టి తీరవలెను. పాత వాషరు ఇంజనునకే అంటియున్నదేమో వ్రేలితో తడవి చూడవలెను. దానిపై క్రొత్తది పడినచో నూనె యంతయు కారి ఇంజను పట్టివేయును.

బిగించుటకు పానా వలదు. క్రొత్త వాషరునకు క్రొత్త నూనె పూసి, చేతితో త్రిప్పి, అది తగిలిన పిదప ముప్పాతిక చుట్టు త్రిప్పిన చాలును. డబ్బాపై వేఱుగా ముద్రించియున్నచో అదియే ప్రమాణము. ఊరగాయ సీసా మూత బిగించు చేయి దీనికి చాలదా? పిదప ఇంజను నడిపి, చెమ్మ కనబడునేమో చూచి, ఆపి, కొంతసేపటికి నూనె పుల్లను పరీక్షింపవలెను.

విప్పిన ఫిల్టరును ఒక రాత్రి బోర్లించి యుంచినచో మిగిలిన నూనె దిగును. ఆ నూనెను కాలువలో పోయరాదు. మాకు గోదావరి సమీపము. 2016 నాటి ప్రభుత్వ నియమములలో వాడిన నూనె ప్రమాదకర వ్యర్థముగా చేర్పబడినది. మూతగల డబ్బాలో నిలువచేసి, వాడిన నూనెను సేకరించువారికే యియ్యవలయును.