సెకనులో అరవయ్యో వంతు: ఫైటింగ్ గేమ్‌లో నైపుణ్యం ఎలా పెరుగుతుంది?

చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో తొలిసారిగా ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు ఇచ్చారు. వాటిలో ‘స్ట్రీట్ ఫైటర్ 5’ ఒక విభాగం. భారత్ తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఇందులో పోటీపడ్డారు. చివరికి స్వర్ణ పతకం దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూకు దక్కింది. అప్పటికి ఆయన వయసు 44 ఏళ్లు.

వీడియో గేమ్ అంటే కుర్రాళ్ల వేళ్ల వేగం అనుకునేవారికి ఇది వింతగా అనిపించవచ్చు. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం ఆ ఆశ్చర్యాన్ని ఇంకా పెంచుతుంది. ‘స్టార్‌క్రాఫ్ట్ 2’ అనే వ్యూహాత్మక గేమ్ ఆడే 3,305 మంది ఆటల రికార్డులను వారు పరిశీలించారు. వారందరూ 16 నుంచి 44 ఏళ్ల లోపువారే. తెరపై కొత్త దృశ్యం చూశాక తొలి చర్యకు పట్టే సమయం 24 ఏళ్ల వయసు నుంచే కొద్దికొద్దిగా పెరుగుతోందని తేలింది.

మరి వేగం తగ్గే వయసులో ఆసియా స్వర్ణం ఎలా సాధ్యమైంది? రోజూ గంటల తరబడి ఆడుతున్నా ఒకే ర్యాంకు దగ్గర ఆగిపోయిన యువకులకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ఆ గంటలు చదువు నుంచో నిద్ర నుంచో తీసుకున్నవే కాబట్టి, వాటితో ఏం నేర్చుకుంటున్నామో తెలియడం మంచిది.

గడియారం చెప్పే నిజం

ఫైటింగ్ గేమ్‌లు సాధారణంగా సెకనుకు 60 ఫ్రేమ్‌ల చొప్పున నడుస్తాయి. అంటే ఒక్కో ఫ్రేమ్ నిడివి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ఆటలోని ప్రతి దెబ్బకూ ఫ్రేమ్‌లలో ఒక లెక్క ఉంటుంది. 2023లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 6’లో అత్యంత వేగవంతమైన పంచ్‌లు 4 ఫ్రేమ్‌లలో, అంటే దాదాపు 67 మిల్లీసెకన్లలో తగులుతాయి. ప్రత్యర్థిని పట్టి విసిరే ‘త్రో’కు 5 ఫ్రేమ్‌లు చాలు. ‘టెక్కెన్’లో మామూలు జాబ్ 10 ఫ్రేమ్‌లు తీసుకుంటుంది.

ఇప్పుడు మన శరీరం లెక్క చూద్దాం. ఒక దృశ్యం కంటిపై పడి, ఆ సంకేతం మెదడుకు చేరి, అక్కడి నుంచి వేలు కదలడానికి సాధారణంగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే 12 నుంచి 15 ఫ్రేమ్‌లు. మానిటర్, కంట్రోలర్ చేసే ఆలస్యం దీనికి అదనం. కాబట్టి 4 ఫ్రేమ్‌ల పంచ్‌ను ‘చూసి’ ఆపడం ప్రపంచ విజేతకైనా సాధ్యం కాదు. అదే ‘స్ట్రీట్ ఫైటర్ 6’లోని ‘డ్రైవ్ ఇంపాక్ట్’ తగలడానికి 26 ఫ్రేమ్‌లు, అంటే 433 మిల్లీసెకన్లు పడుతుంది. దాన్ని చూసి జవాబివ్వవచ్చు.

చూసి ఆపగలిగినవి ఏవి, ముందే ఊహించక తప్పనివి ఏవి అని దెబ్బలను రెండు కుప్పలుగా విడదీయడం సాధనలో మొదటి మెట్టు. రెండో కుప్పలోని దెబ్బ తగిలిన ప్రతిసారీ ‘చేయి ఆలస్యమైంది’ అని బాధపడితే, లేని లోపాన్ని సరిదిద్దుకునే ప్రయత్నంలోనే కాలం గడిచిపోతుంది.

అయితే మొదటి కుప్పలోని దెబ్బలు కూడా మ్యాచ్‌లో తగులుతూనే ఉంటాయి. ట్రైనింగ్ మోడ్‌లో పదికి పదిసార్లు ఆపిన డ్రైవ్ ఇంపాక్ట్, అసలు పోటీలో ఎందుకు దొరకదు? బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం హిక్ 1952లోనే దీనికి జవాబు చూపారు. ఎదురుకాగల సంకేతాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, సరైన స్పందనను ఎంచుకోవడానికి పట్టే సమయం దాదాపు ఒకే మొత్తంలో పెరుగుతుంది. ట్రైనింగ్ మోడ్‌లో ఆటగాడు ఒక్కదాని కోసమే కాచుకుని ఉంటాడు. మ్యాచ్‌లో మాత్రం దూకుడు, ఫైర్‌బాల్, త్రో, కిందికి తన్నడం అన్నీ ఒకేసారి అతడి మనసులో ఉంటాయి. అనుభవజ్ఞులు ఈ జాబితాను తగ్గించుకుంటారు. ఇంత దూరంలో, ఈ క్షణంలో ప్రత్యర్థి చేయగలిగినవి రెండో మూడో మాత్రమే అని వారికి తెలుసు.

ముందే తెలుసుకునే కన్ను

క్రికెట్ అభిమానులకు ఇది కొత్త సంగతి కాదు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అర సెకనులోపే బ్యాటర్‌ను చేరుతుంది. మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియోడ్ అనే శాస్త్రవేత్తలు 2000లో ప్రచురించిన పరిశోధనలో బ్యాటర్ల కంటి కదలికలను కొలిచారు. బ్యాటర్ చూపు బంతి వెంటే నడవలేదు. బంతి ఎక్కడ పిచ్ అవుతుందో ఆ చోటికి ముందే దూకి, అక్కడ బంతి కోసం కాచుకుంది. మెరుగైన బ్యాటర్ చూపు ఇంకా ముందుగా దూకింది.

ఫైటింగ్ గేమ్‌ల చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన ఘట్టం వెనుక ఉన్నదీ ఇదే. 2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగిన ‘ఈవో’ పోటీలో జపాన్‌కు చెందిన డైగో ఉమెహారా, అమెరికాకు చెందిన జస్టిన్ వాంగ్ ‘స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్’ ఆడుతున్నారు. డైగో పాత్రకు ప్రాణం గీత మందమే మిగిలింది. మామూలుగా బ్లాక్ చేసినా, ప్రత్యేక దాడులు తీసే కొద్దిపాటి నష్టానికే ఓడిపోతాడు. వాంగ్ 15 దెబ్బల ప్రత్యేక దాడి మొదలుపెట్టాడు. డైగో వాటన్నింటినీ ‘ప్యారీ’ చేశాడు. అంటే దెబ్బ తగిలే వేళకు సరిగ్గా ప్రత్యర్థి వైపు స్టిక్ నెట్టి, నష్టం లేకుండా తప్పించుకున్నాడు. తర్వాత ఎదురుదాడితో ఆ మ్యాచ్ గెలిచాడు.

ఆ దాడి మొదలైందని చూశాక తొలి ప్యారీకి సమయం చాలదు. ప్రత్యర్థి ఆ క్షణాన ఆ దాడికే దిగుతాడని డైగో ముందే ఊహించాడు. మిగిలిన దెబ్బల మధ్య విరామాలు ఎప్పుడూ మారవు. తబలా విద్యార్థికి తాళంలా ఆ లయ అతడికి సాధనలోనే వంటబట్టింది. మెరుపు స్పందనలా కనిపించిన ఆ ఘట్టం అంచనా, జ్ఞాపకం కలిసి చేసిన పని.

రాయి, కాగితం, కత్తెర

అంచనా వేయాల్సింది మరో మనిషిని అయినప్పుడు లెక్క మారుతుంది. అతడూ మనల్ని అంచనా వేస్తుంటాడు. హంగరీలో పుట్టిన గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ 1928లో ఇలాంటి ఆటలకు గణిత రూపం ఇచ్చారు.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. కిందపడి లేస్తున్న ప్రత్యర్థి దగ్గర ఆటగాడు నిలబడ్డాడు. పంచ్ తగిలితే 28 పాయింట్ల నష్టం, త్రో తగిలితే 12. ప్రత్యర్థి బ్లాక్ చేస్తే పంచ్ ఆగుతుంది కానీ త్రో తగులుతుంది. త్రో విడిపించుకునే బటన్ నొక్కితే త్రో ఆగుతుంది కానీ పంచ్ తగులుతుంది. నష్టం ఎక్కువ కాబట్టి పంచ్‌లే ఎక్కువగా విసరాలని అనిపిస్తుంది.

వంద అవకాశాల్లో 50 పంచ్‌లు, 50 త్రోలు వాడాడనుకుందాం. ప్రత్యర్థి ఎప్పుడూ బ్లాక్ చేస్తూ కూర్చుంటే 50 త్రోలకు 600 పాయింట్లే కోల్పోతాడు. అదే 30 పంచ్‌లు, 70 త్రోలు వాడితే? ఎప్పుడూ బ్లాక్ చేసినా 840, ఎప్పుడూ విడిపించుకునే బటన్ నొక్కినా 840. ప్రత్యర్థి ఏం చేసినా అంతకన్నా తక్కువతో బయటపడలేడు. చిన్న దెబ్బనే ఎక్కువసార్లు వాడాలని గణితం చెబుతోంది. బ్లాక్ చేయాలంటే భయపడేలా త్రో వాడుతూ పోతే, పెద్ద దెబ్బకు దారి దానంతట అదే తెరుచుకుంటుంది.

కానీ మనుషులు ఇలా యాదృచ్ఛికంగా ఆడలేరు. చైనాలోని ఝెజియాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 360 మంది విద్యార్థులతో రాయి-కాగితం-కత్తెర ఆడించి, 2014లో ఫలితాలు ప్రకటించారు. గెలిచినవారు అదే ఎత్తును మళ్లీ వేయడానికి, ఓడినవారు ఎత్తు మార్చడానికి మొగ్గు చూపారు. ఫైటింగ్ గేమ్‌లో ‘ప్రత్యర్థిని చదవడం’ అంటే ఇలాంటి అలవాట్లను పట్టుకోవడమే. తన అలవాట్లను తాను పట్టుకోవడం అంతకన్నా కష్టం. అందుకు ఉత్తమ సాధనం రీప్లే.

సాధన చేసే తీరు

కొత్త ఆటగాడు ఒక కాంబో నేర్చుకునేటప్పుడు ఒక్కో బటన్‌నూ మనసులో చెప్పుకుంటూ నొక్కుతాడు. కొన్ని వారాలకు అదంతా ఒకే కదలికగా మారుతుంది. మనస్తత్వవేత్తలు పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ 1967లో నైపుణ్యాన్ని మూడు దశలుగా వివరించారు: ఆలోచిస్తూ చేయడం, తప్పులు దిద్దుకుంటూ కుదురుకోవడం, ఆలోచన అక్కర్లేకుండా జరిగిపోవడం. వేళ్లు మూడో దశకు చేరితేనే కళ్లు, మనసు ప్రత్యర్థిని చూడగలవు.

ఆ దశకు చేరడానికి ఒకే కాంబోను వందసార్లు వరుసగా వేయడం మంచిదా? అమెరికాలో జాన్ షియా, రాబిన్ మోర్గాన్ 1979లో చేసిన ప్రయోగం దీనికి జవాబు ఇస్తుంది. మూడు రకాల చేతి కదలికలను ఒక బృందం ఒకదాని తర్వాత ఒకటిగా సాధన చేసింది. మరో బృందం కలగాపులగంగా చేసింది. సాధన సమయంలో మొదటి బృందమే వేగంగా కనిపించింది. పది రోజుల తర్వాత పరీక్షిస్తే రెండో బృందం ముందుంది. కాంబో చేతికి వచ్చాక, దాన్ని గాలి దాడులను ఆపడంతో, త్రో విడిపించుకోవడంతో కలిపి సాధన చేయాలి. అలా చేస్తే తప్పులు ఎక్కువగా వస్తాయి, ఏమీ రాలేదనిపిస్తుంది. నేర్చుకున్నది నిలిచేది మాత్రం అప్పుడే.

నిద్ర పాత్ర కూడా తక్కువేమీ కాదు. హార్వర్డ్ పరిశోధకులు 2002లో కొందరికి వేళ్లతో నొక్కే ఒక వరుసను నేర్పారు. రాత్రి నిద్ర తర్వాత వారి వేగం సుమారు 20 శాతం పెరిగింది. ఈ లాభం కచ్చితంగా ఎంత అన్నదానిపై తర్వాత చర్చ జరిగినా, తెల్లవారుజాము 3 గంటల దాకా మేల్కొని ఆడే మ్యాచ్‌ల వల్ల ఉపయోగం ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

లాహోర్ నేర్పిన పాఠం

2019లో పాకిస్తాన్‌లోని లాహోర్‌కు చెందిన అర్స్‌లాన్ సిద్దిఖీ, ‘అర్స్‌లాన్ ఆష్’ పేరుతో, ‘టెక్కెన్ 7’లో ఈవో జపాన్‌నూ, లాస్ వేగాస్‌లో జరిగిన ఈవోనూ ఒకే ఏడాది గెలిచాడు. అప్పటిదాకా ప్రపంచం పట్టించుకోని చోటు నుంచి వచ్చిన విజేత అతడు. తన ఊళ్లో ఇంకా బలమైన ఆటగాళ్లు ఉన్నారని అతడు చెబితే, ఫైనల్లో అతడి చేతిలో ఓడిన కొరియా దిగ్గజం ‘నీ’ పాకిస్తాన్ వెళ్లి వారితో ఆడాడు. లాహోర్ ఆర్కేడ్‌లలో ఆటగాళ్లు పక్కపక్కనే కూర్చుని ఆడతారు. రకరకాల ప్రత్యర్థులు దొరుకుతారు, ఓడిన వెంటనే కారణం అడిగే వీలుంటుంది, నెట్‌వర్క్ ఆలస్యం ఉండదు.

ఈ చివరిది చిన్న విషయం కాదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్ ఆటగాడికి సుమారు 3,300 కిలోమీటర్ల దూరంలోని సింగపూర్ ప్రత్యర్థితో పోటీ కుదిరితే, తీగ నేరుగా ఉన్నా సంకేతం వెళ్లి రావడానికి 33 మిల్లీసెకన్లు, అంటే 2 ఫ్రేమ్‌లు పడుతుంది. వాస్తవంలో ఇంకా ఎక్కువే. ఈ ఆలస్యాన్ని దాచడానికి ‘రోల్‌బ్యాక్’ అనే పద్ధతి వాడతారు. ప్రత్యర్థి క్రితం క్షణంలో నొక్కినదే మళ్లీ నొక్కుతాడని సాఫ్ట్‌వేర్ ఊహించి ఆటను ముందుకు నడుపుతుంది. ఊహ తప్పితే వెనక్కి వెళ్లి సరిదిద్దుతుంది.

గంటలు ఎంతవరకు?

సాధన గంటలే సర్వస్వం కాదు. బ్రూక్ మెక్‌నమారా బృందం 2014లో అనేక అధ్యయనాలను కలిపి విశ్లేషించింది. చదరంగం లాంటి ఆటల్లో ఆటగాళ్ల మధ్య తేడాలో దాదాపు 26 శాతాన్ని మాత్రమే ఉద్దేశపూర్వక సాధన వివరించగలిగింది. మరోవైపు, ఆటపై అదుపు కోల్పోయి, మిగతా పనులన్నింటికన్నా దానికే ప్రాధాన్యమిచ్చి, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడాన్ని ‘గేమింగ్ డిజార్డర్’గా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఈ వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది.

అందుకే లక్ష్యం లేని ఇరవై మ్యాచ్‌ల కన్నా, ఒక ప్రశ్న పెట్టుకుని ఆడిన ఐదు మ్యాచ్‌లు ఎక్కువ నేర్పుతాయి. ఓడిన ఆట రీప్లేలో నష్టం జరిగిన చోట ఆపి మూడు సంగతులు చూడాలి: ఈ దెబ్బ చూసి ఆపగలిగినదేనా? కాకపోతే దీన్ని ఊహించడానికి ప్రత్యర్థి ఏ ఆనవాలు ఇచ్చాడు? అక్కడే ఇంతకుముందు తాను ఎన్నిసార్లు అదే పని చేశాడు? స్టార్‌క్రాఫ్ట్ అధ్యయనంలో పెద్ద వయసు ఆటగాళ్లు తగ్గిన వేగాన్ని సులువైన మార్గాలు ఎంచుకుని కొంతవరకు పూడ్చుకుంటున్నారనే సూచనలు కనిపించాయి. 44 ఏళ్ల స్వర్ణ విజేత ఉదంతం కూడా ఆ మాటకు బలమిస్తోంది.