తెల్లమట్టి జావ మోసిన రైలు



కాగితం దేనితో చేస్తారు అని అడిగితే కర్రతో అంటాం. నిజమే. మన సారపాక మిల్లుకి జామాయిలు, సుబాబుల్ కర్ర లారీల్లో పోతా ఉంటది. కానీ నున్నగా మెరిసే రంగుల పత్రిక కాగితంలో కర్ర ఒక్కటే ఉండదు. దాని బరువులో మూడో వంతు దాకా తెల్ల ఖనిజాల పొడి ఉండవచ్చు!

అందులో ముఖ్యమైనది కేయోలిన్. చీనా మట్టి అని కూడా అంటారు. గ్రానైటు రాయిలో ఉండే ఫెల్‌స్పార్ అనే ఖనిజం చాలా కాలానికి మెత్తబడి ఈ తెల్లమట్టి అవుతుంది.

కాగితానికి మట్టి ఎందుకు? కర్ర పీచు మధ్య సన్న సందులు ఉంటాయి. వాటిలో సిరా పాకి బొమ్మ అలుక్కుపోతుంది. పండగకి మా అమ్మ తెల్లమట్టి నీళ్ళలో కలిపి గోడకి గుడ్డతో పూస్తది. గరుకు గోడ నున్నగా అవుతుంది. మిల్లులో కూడా ఇదే పని, యంత్రంతో చేస్తారు.

ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే చోట ఈ మట్టి బాగా దొరుకుతుంది. 1989లో స్కాట్లండులోని అర్విన్ ఊళ్ళో పత్రికల కాగితం మిల్లు పెట్టారు. కార్న్‌వాల్ నుండి ఆ ఊరికి 800 కిలోమీటర్ల పైనే. అంత దూరం టాంకు వాగన్ల రైలులో మట్టిని నీళ్ళతో కలిపి, మన రాగిజావ లాగా చేసి పంపేవారు. టాంకులు వెండి రంగులో ఉండేవి కాబట్టి వాటికి ‘సిల్వర్ బుల్లెట్లు’ అని పేరు వచ్చింది. తర్వాత బెల్జియం నుండి కూడా సముద్రం కింది సొరంగం గుండా జావ వాగన్లు వచ్చాయి.

పొడిగా బస్తాల్లో పంపరాదా అని మీకు అనుమానం రావచ్చు. జావగా పంపడానికి కారణాలు ఇవి:

1. పొడి చేయాలంటే ఆరబెట్టాలి, దానికి ఇంధనం కాల్చాలి. మిల్లులో మళ్ళీ నీళ్ళు కలపాలి. రెండు పనులూ దండగ.

2. పొడి గాలికి లేచి పనోళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతది.

3. జావని గొట్టం పెట్టి పంపుతో ఎక్కించవచ్చు, దించవచ్చు.

ఇబ్బందులూ ఉన్నాయి. లీటరు నీళ్ళు 1 కిలో తూగితే ఈ జావ 1.5 కిలోల పైనే తూగుతుంది. అందుకే పాల టాంకు నింపినట్టు పెద్ద టాంకు నిండా పోస్తే చక్రాలకి బరువు ఎక్కువవుతుంది. కదలకుండా నిలవ ఉంటే మట్టి అడుక్కి దిగుతుంది. అది పేరుకోకుండా మందు కలుపుతారు.

ఇంకొక సంగతి. కార్న్‌వాల్‌లో 1 టన్ను మట్టి తీస్తే దాదాపు 9 టన్నుల ఇసుక, రాయి వ్యర్థంగా మిగులుతాయి. అవి అక్కడ తెల్ల గుట్టలై నిలిచాయి. ఒక పాత గుంటలో 2001లో ఈడెన్ ప్రాజెక్టు అనే పెద్ద తోట తెరిచారు. తోట మంచిదే. కానీ తవ్విన కొండ మళ్ళీ రాదు. కొండ అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా?

మన నోటుపుస్తకాల కాగితంలో కూడా తెల్ల ఖనిజాల పొడి కలుపుతారు. అంటే ప్రతి కాగితంలో ఒక చెట్టు ముక్క, ఒక కొండ ముక్క ఉన్నాయి. వార్డెన్ మేడమ్ గారు ఒప్పుకుంటే ఒక్కో గదిలో ఒక అట్టపెట్టె పెడదాం. ఒక పక్కే రాసిన కాగితాలు అందులో వేద్దాం. రెండో పక్క లెక్కలు చేసుకోవడానికి వస్తాయి.

— 9వ తరగతి విద్యార్థిని