పీఆర్ దారి కాలేజీ దగ్గరే మొదలవుతుంది

మాకు కెనడాలో పీఆర్ వచ్చినప్పటి నుంచి మా బ్రాంప్టన్ ఇంటికి తెనాలి నుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి. "అక్కడ రెండేళ్లు చదివితే పీఆర్ ఇచ్చేస్తారంట కదమ్మా!" అని మా పిన్ని మొన్న కూడా అడిగింది. ఇవ్వరు పిన్నీ. చదువుకోడానికి ఒక పర్మిట్, ఉద్యోగానికి ఇంకొకటి, స్థిరపడడానికి పీఆర్, అంటే శాశ్వత నివాస హోదా. దేని షరతులు దానివే. ఒకటి చేతికొచ్చిందని రెండోది దానంతట అది రాదు.

విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతి ఉన్న కాలేజీలో సీటు వస్తే స్టడీ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 నుంచి పర్మిట్ల సంఖ్యకు పరిమితి పెట్టారు కాబట్టి చాలామందికి ప్రావిన్స్ ఇచ్చే ధ్రువీకరణ లేఖ కూడా కావాలి. ఫీజు, ప్రయాణ ఖర్చులు కాక, ఒక్కరి జీవనానికి 22,895 డాలర్లు చూపాలన్నది 2025 సెప్టెంబర్ నుంచి ఉన్న లెక్క. అసలు మెలిక ఏమిటంటే, స్టడీ పర్మిట్‌కి పనికొచ్చే ప్రతి కోర్సూ తర్వాత వర్క్ పర్మిట్ తెచ్చిపెట్టదు. 2024 నవంబర్ నుంచి కాలేజీ డిప్లొమాలలో ప్రభుత్వ జాబితాలో ఉన్న సబ్జెక్టులకే ఆ అవకాశం. బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీలకు ఈ సబ్జెక్టుల షరతు లేదు. కన్సల్టెన్సీ వాళ్లని మొదట అడగాల్సింది ఇదే.

టొరంటో విమానాశ్రయంలో దిగగానే ఆఫీసర్ పర్మిట్ ప్రింట్ తీసి చేతిలో పెడతారు. లగేజీ వైపు పరుగెత్తకుండా పేరు, పుట్టిన తేదీ, గడువు, కింద పని గురించి రాసిన వాక్యం చదువుకోండి. తప్పుంటే ఆ కౌంటర్ దగ్గరే చెప్పండి. పాస్‌పోర్టులో అంటించిన వీసా దేశంలో అడుగుపెట్టడానికి, ఈ కాగితం ఉండడానికి. అక్క పెళ్లికి ఊరెళ్లొచ్చే ముందు రెండింటి గడువూ చూసుకోవాలి.

క్లాసులు నడిచే కాలంలో క్యాంపస్ బయట వారానికి 24 గంటలే పని. చదువయ్యాక పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ జీవితంలో ఒక్కసారే ఇస్తారు. రెండేళ్ల కోర్సుకి మూడేళ్లు, 8 నెలలకు తగ్గకుండా రెండేళ్లలోపు కోర్సయితే కోర్సు ఎంతకాలమో అంతే. మాస్టర్స్ అయితే రెండేళ్లకు తక్కువైనా మూడేళ్లు వస్తుంది. చదువు పూర్తయిన 180 రోజుల్లోపు, భాషా పరీక్ష స్కోరుతో దరఖాస్తు చేయాలి. పాస్‌పోర్టు గడువు దాటి పర్మిట్ ఇవ్వరు కనుక ముందు దాన్ని రెన్యూ చేయించుకోండి.

పీఆర్ దగ్గర చాలామంది తడబడేది ఉద్యోగం విషయంలోనే. పీఆర్‌కి దరఖాస్తు చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ విధానంలో కెనడా అనుభవం చూపాలంటే నైపుణ్యం ఉన్న పనిలో ఏడాది, అంటే 1,560 గంటలు కావాలి. ఫుల్‌టైమ్ చదువుతూ చేసిన గంటలు లెక్కలోకి రావు. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే కుర్రాడు కాఫీ షాపు కౌంటర్లో ఎన్నాళ్లు నిలబడ్డా ఆ పని లెక్కకు రాలేదు. అదే షాపులో సూపర్‌వైజర్ అయ్యాక చేసిన పని పనికొచ్చింది. అయితే హోదా పేరొక్కటే చాలదు. ఏ పనులు చేశాడో, వారానికి ఎన్ని గంటలో, జీతమెంతో కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకంతో ఉండాలి. ఆ పైన వయసు, చదువు, ఇంగ్లిష్ స్కోరు కలిపి 1,200కి పాయింట్లు వేస్తారు. ముప్ఫై వచ్చినప్పటి నుంచి వయసు పాయింట్లు తగ్గుతూ పోతాయి. ప్రావిన్స్ నామినేట్ చేస్తే ఒక్కసారిగా 600 కలుస్తాయి. ఆహ్వానం వచ్చాక 60 రోజుల్లో కాగితాలన్నీ అందజేయాలి.

జాబ్ ఆఫర్‌కి ఇచ్చే పాయింట్లు 2025 మార్చిలోనే తీసేశారు. అయినా లక్షలు తీసుకుని ఆఫర్ లెటర్లు అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. అది నేరం.

గడువు విషయంలో దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. పర్మిట్ ఉండగానే పొడిగింపుకి పెట్టుకుంటే నిర్ణయం వచ్చేదాకా చట్టబద్ధంగా ఉండొచ్చు. దాటిపోతే 90 రోజుల్లో పునరుద్ధరణ కోరవచ్చుగానీ, ఆ లోపు పని చేయకూడదు.

నిబంధనలు తరచూ మారుతున్నాయి. నా మాటా, పక్కింటివాళ్ల మాటా కాదు, దరఖాస్తు చేసే రోజున కెనడా ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్నదే ప్రమాణం. డబ్బు కట్టే ముందు మీ కన్సల్టెంట్ పేరు కెనడాలోని ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల లైసెన్సు రిజిస్టర్‌లో ఉందో లేదో చూడండి. అందులో లేకపోతే, ఆయన కెనడాలో లాయర్ కూడా కాకపోతే, రూపాయి కూడా ఇవ్వకండి.